లేత గులాబీ దగ్గర ఆగడం

మా కాలేజీలో ఆ క్లాసును కవుల కెమిస్ట్రీ అని ఎగతాళి చేసేవాళ్లు. చరిత్ర చదివినా, నాలా సంగీతం చదివినా, ఒక్క సైన్సు కోర్సైనా గట్టెక్కితే తప్ప డిగ్రీ చేతికి రాదు. అందుకే మంగళవారం పొద్దున్నే, ఒహాయో నది మీది మంచును కోటు భుజాల మీద మోసుకుంటూ ల్యాబుకు వచ్చేవాళ్లం.

నా పక్క స్టూలు డార్లా హాస్కిన్స్‌ది. యాభై దాటిన మనిషి. వంతెన దిగువ సెలూన్‌లో జనం జుట్టుకు రంగులేసే పని. ఒకటో తరగతి టీచరు కావాలని ఆమె పట్టుదల. మిగతా చదువంతా పూర్తయింది. కెమిస్ట్రీ మాత్రం రెండుసార్లు తప్పింది. మూడోసారి తప్పితే ఇంక రాయనివ్వరు.

రెండుసార్లూ ముంచింది ల్యాబు పరీక్షే. ఫ్లాస్కులో వెనిగర్, అందులో రంగు చూపే మందు ఒకటి రెండు చుక్కలు. పైన బ్యూరెట్ అనే, అడుగున చిన్న కుళాయి ఉన్న సన్నని గాజు గొట్టంలో క్షారం. చుక్కచుక్కగా వదులుతూ పోతే, పులుపంతా విరిగిన క్షణాన నీళ్లలో లేత గులాబీ ఊపిరి పోసుకుంటుంది. అక్కడ ఆపాలి. డార్లా ఆపేది కాదు.

"ఏంటి డార్లా, లిప్‌స్టిక్ తయారు చేస్తున్నావా?" అనేవాడు మా మాస్టారు ఓడమ్. ఇద్దరూ ఒకే హైస్కూల్లో చదివారు. అయినా ల్యాబులో ఆమె పట్టుబట్టి సార్ అనేది. "నాక్కావలసింది సిగ్గుపడీ పడని బుగ్గ. అంతే," అని ఆయనే అందుకునేవాడు.

"రంగు పట్టకముందే కడిగేస్తే సెలూన్‌లో నన్ను తంతారు సార్. పట్టేదాకా ఆగడమే నాకొచ్చిన విద్య."

"ఇక్కడ పట్టకముందే ఆగాలి."

"అదేం రంగు సార్, ఉండీ లేనట్టు!"

ఆ వసంతమంతా శనివారాలు ఆమె ల్యాబులోనే. బయట చెట్లు పూస్తూ ఉండేవి. ఆమె ఫ్లాస్కు కింద తెల్లకాగితం పరిచి, చెయ్యి తిప్పుతూ, కుళాయి మూస్తూ, పారబోసి మళ్లీ మొదలుపెట్టేది. మెదడుకు ఎప్పుడో అర్థమైంది. ఏళ్ల తరబడి ఒక్క తీరుకే అలవాటుపడ్డ వేళ్లకు నచ్చజెప్పడమే కష్టం.

పరీక్షలో మూడుసార్లు కొలవాలి. ప్రతిసారీ ఓడమ్ వచ్చి ఫ్లాస్కునూ, బ్యూరెట్ అంకెనూ చూడాలి. రెండు కొలతలు బాగా వచ్చాయి. మూడోసారి, బ్యూరెట్ మొన మీద వేలాడే సగం చుక్కను ఆమె ఫ్లాస్కు గోడకు తాకించి, నీళ్లతో కిందికి జార్చింది. తెల్లవారుజామున ఆకాశం అంచున కనిపించే రంగు వచ్చింది. అర నిమిషం నిలిచింది.

"సార్!"

ఓడమ్ గది అవతలి మూల ఎవరో పగలగొట్టిన గాజు ఊడుస్తున్నాడు. "వస్తున్నా, వస్తున్నా. ఎవరూ కదలొద్దు, కాళ్లు తెగుతాయి!"

ఈలోగా గులాబీ పలచబడింది. చూస్తుండగానే నీళ్లు మళ్లీ నీళ్లయిపోయాయి.

"ఇంకో చుక్క వెయ్యి," అన్నాను గుసగుసగా. "ఆయన వచ్చేసరికి రంగు కనబడాలి కదా."

ఆమె చెయ్యి కుళాయి దాకా వెళ్లింది. వేళ్లు దాని మీద వాలాయి. తర్వాత ఆమె రెండు చేతులూ వెనక్కి లాక్కుని కోటు జేబుల్లో కుక్కుకుంది.

"వెయ్యను."

ఓడమ్ వచ్చాడు. ఫ్లాస్కు ఎత్తి వెలుగుకు పట్టాడు. "రంగేదీ?"

"వచ్చింది, నిలిచింది, పోయింది సార్."

"పోతే ఇంకో చుక్క వెయ్యకపోయావా?"

"గాలి తాగేసింది సార్ దాన్ని. గాలిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్ నీళ్లలో కలిస్తే పులుపే కదా. ఇంకో చుక్క వేస్తే నేను గాలిని కొలిచినట్టు. మీరు కొలవమంది వెనిగర్‌ని." చేతులు మాత్రం జేబుల్లోంచి రాలేదు. "తప్పిస్తే తప్పించండి. నేను మాత్రం వెయ్యను."

ఓడమ్ వంగి, కళ్లజోడు నుదుటి మీదికి తోసి, బ్యూరెట్ గీత చదివాడు. ముందు రెండు అంకెల పక్కన దాన్ని రాసి మూడింటినీ పోల్చి చూశాడు.

"మూడూ ఒకే మాట చెబుతున్నాయి. పాసయ్యావు డార్లా."

"నిజంగానా?"

"హైస్కూల్లో నీకు అబద్ధం చెప్పి బతికి బట్టకట్టినవాడు ఉన్నాడా?"

ఆమె స్టూలు మీద కూలబడి, మొహం చేతుల్లో దాచుకుని నవ్వింది. నవ్వాగాక అడిగింది. "ఒకటో తరగతి పిల్లలకి ఇది చూపించొచ్చా సార్?"

"ముందు ఆ ఫ్లాస్కు కడుగు తల్లీ, నీ వెనక ఇంకొకళ్లు కాచుకునున్నారు."