అమ్మ తప్పుగా కట్టిన నూలు

మనసు బాగాలేనివాళ్లకు బొమ్మలు గీయించి నయం చేస్తున్నారని మొన్న మా మనవరాలు చెప్పింది. అదేదో నిన్నగాక మొన్న పుట్టిన విద్య అన్నట్టు చెబుతుంటే నాకు ఒళ్లు మండింది. "మా ఇంట్ల ఎప్పుడో అయిందే గది" అన్నాను. నమ్మలేదు. అందుకే రాస్తున్నాను.

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తలో సంగతి. చౌటుప్పల్ దగ్గరి ఊళ్లో మాది నేతపని ఇల్లు. నాకు పదకొండేళ్లు. మూడేళ్ల తమ్ముడు జ్వరమొచ్చి నాలుగు రోజుల్లో పోయాడు. వాడకట్టంతా ఏడ్చింది, అమ్మ ఏడవలేదు. ఆ రోజు నుంచి మాట కూడా మానేసింది. ఎవరైనా పెడితే రెండు ముద్దలు తినేది, లేకపోతే లేదు. పొద్దున లేస్తే ఆసు ముందు కూర్చునేది. గుడ్డకు అడ్డంగా పోయే నూలును మేకుల మీద అటూ ఇటూ పోయడమే ఆసు. రోజుకు కొన్ని వేలసార్లు చెయ్యి తిరగాలి. అమ్మ చెయ్యి తిరుగుతూనే ఉండేది, చూపు మాత్రం ఎటో ఉండేది.

మా మేనత్త దానికి పేరు పెట్టేసింది. "గాలి సోకింది తమ్మీ. గుట్ట మీద ఒక జాగ ఉన్నదట, నెల దినాలు గొలుసేసి కట్టేస్తరట. కుదురుకొని వస్తది" అంది. బాపు మంచివాడే కానీ భయస్తుడు, ఎవరు గట్టిగా చెబితే వాళ్ల మాట వినేవాడు. శుక్రవారం బస్సెక్కిద్దామన్నాడు. గొలుసు అన్న మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. అత్తతో కొట్లాడాను, ఆమె పెట్టిన జొన్నరొట్టె విసిరికొట్టాను, వీపు విమానం మోత మోగింది.

ఆ వారంలోనే బాపు ఆసు మీది నూలుకు బొగ్గుతో పూల గీతలు పెట్టి చౌటుప్పల్ పోయాడు. ఆ గీతల మీద సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించి కట్టడం అమ్మ పని. కట్టినచోట రంగు ఎక్కదు, తెల్లగా మిగులుతుంది. నేసినప్పుడు అదే బొమ్మవుతుంది. గీయడం మగవాళ్లది, కట్టడం ఆడవాళ్లది. అలాంటిది, నేను గడపలోంచి చూస్తుండగా అమ్మ బాపు గీతలన్నీ అరచేత్తో దులిపేసింది. బొగ్గు తీసుకుంది. గీసింది, చెరిపింది, మళ్లీ గీసింది. నాకు ఆమె వీపే కనబడుతోంది. దగ్గరికి పోతే ఆపేస్తుందేమోనని ఉలకలేదు, పలకలేదు. పొద్దుగూకేలోపల కట్టడం ముగించి, నూలు తీసి పక్కన పెట్టింది.

బాపు వచ్చి చూస్తే ఏముంది, ముడుచుకుపోయిన కట్ల గుత్తి. ఏ కట్టూ తను గీసినచోట లేదు.

"నూలంత ఖరాబు జేసింది" అని తల పట్టుకున్నాడు.

"నే జెప్పలే? మతి పూరాగ పోయింది" అంది అత్త.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. రంగేయించి చూపిద్దామని ఆ నూలు గంపలో వేసుకుని, మా వాడకట్టు నూలుకు రంగులద్దే సాయబు తాత ఇంటికి ఉరికాను. బాపు తిట్టుకుంటూ వెనకాలే వచ్చాడు. తాత కట్లన్నీ ఒక్కొక్కటే తడిమి చూశాడు.

"మస్తు గట్టిగ కట్టింది. మతి పోయినోళ్లు గిట్ల కట్టరు బేటా. ముందుగాల నేసి సూడు, అటెన్క ఖరాబను."

"శుక్రారం బస్సుకు పోవాలె చిచ్చా" అన్నాడు బాపు.

"బస్సుకేం ఫికర్? మల్ల వస్తది."

ఎర్రరంగులో ముంచి, ఆరబెట్టి, కట్లు విప్పి, కండెలకు చుట్టేసరికి శుక్రవారం రానేవచ్చింది. అత్త మూట కట్టి వాకిట్లో నిలబడింది. జరసేపు నేసి చూస్తానని బాపు మగ్గం గుంటలో దిగాడు. ఎర్రటి గుడ్డలో ముందు రెండు తెల్లటి ముక్కలు తేలాయి. పాదాలు. తర్వాత కాళ్లు, పొట్ట. పువ్వు కాదని బాపుకు అప్పటికే తెలిసింది, అయినా ఆపకుండా నేశాడు. భుజాలు వచ్చాయి, చేతులు వచ్చాయి. రెండు చేతులూ పైకి లేచి ఉన్నాయి, ఎత్తుకొమ్మని.

బాపు చేతిలోంచి నూలు కండె పెట్టిన నాడె జారింది.

"జరమొచ్చిన పొద్దు నా దగ్గరికొచ్చి గిట్లనే చేతులు లేపిండు." అమ్మ గొంతు. గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "ఆసు కాడ పనున్నది, ఆగు బిడ్డా అన్న. ఎత్తుకోలే. మల్ల లేవలే వాడు."

అప్పుడు ఏడ్చింది. అన్ని రోజుల ఏడుపూ ఒక్కసారే ఏడ్చింది. బాపు గుంటలోంచి లేచివచ్చి ఆమె పక్కన కూలబడి తనూ ఏడ్చాడు. నాకైతే ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి.

"తమ్మీ, బస్సు పోతాంది" అంది అత్త, మెల్లగా.

"పోనియ్యక్కా."

ఒక్కరోజులో అంతా బాగైపోయిందని చెబితే కోతలు కోసినట్టే. తర్వాత కూడా అమ్మ పలకని రోజులుండేవి. కానీ అలాంటి రోజున వెతుక్కుని మరీ బొగ్గు పట్టుకునేది, గోడ మీదో నేల మీదో ఏదో ఒకటి గీసేది, సాయంత్రానికి నన్ను పేరుపెట్టి పిలిచేది.

మళ్లీ ఆసు పోసిన రోజు బాపు గీయడానికి కూర్చోబోయి ఆగాడు. బొగ్గు అమ్మ ముందు పెట్టాడు.

"నువ్వే గియ్యి."

"గీస్త" అంది అమ్మ. "నడుమల నువ్వు చెయ్యి పెట్టినవో, ఊకోను. సక్కగ జెప్తున్న."

తమ్ముడు పోయాక ఆమె మా ఇంట్లో ఎవరినైనా కసురుకోవడం అదే మొదలు.

"పెట్టనే, పెట్ట" అన్నాడు బాపు, కళ్లు తుడుచుకుంటూ.