గుమ్మం తప్పిన వేళాకోళం

బ్వెంబ్యా కసోండే రాజధాని లుసాకాకు యూనివర్సిటీ చదువుకని వచ్చి ఏడాది కావస్తోంది. అన్నాళ్లలో నోరు తెరిచి ఎవరినీ ఒక్క సందేహం అడిగిన పాపాన పోలేదు. లువింగు అవతల చిన్న పల్లె అతనిది. అక్కడి బడిలో మొనగాడే. ఇక్కడ మాత్రం మొదటి కెమిస్ట్రీ ప్రాక్టికల్‌లోనే చుక్కలు కొలిచే గాజు గొట్టం, బ్యూరెట్, చేతిలోంచి జారి భళ్లున పగిలింది. క్లాసంతా ఘొల్లున నవ్వింది. ఆనాటినుంచి వెనక బల్ల దగ్గర నక్కి, పక్కవాళ్ల అంకెలు చూసి రాసుకుంటూ రోజులు నెట్టాడు. దానికి తోడు మలేరియా ఒకటి. ఆస్పత్రికి పోతే ఎవరితోనో మాట్లాడాలి కదా, అందుకని గదిలోనే ముసుగుతన్ని పడుకున్నాడు. రెండు ప్రాక్టికల్స్ పోయాయి.

రెండు పోతే పరీక్షకు కూర్చోనివ్వరు. పరీక్ష రాయకపోతే మూటాముల్లె సర్దుకుని ఊరి బస్సెక్కడమే. వచ్చే సోమవారం నుంచే పరీక్షలు. ప్రాక్టికల్ మళ్లీ చేయించాలంటే కెమిస్ట్రీ లెక్చరర్ మిసెస్ జెరె ఒప్పుకోవాలి. ఆవిడ నవ్వగా చూసినవాళ్లు లేరు.

"వెళ్లి అడగరా," అన్నాడు గదిలో ఉండే మ్వాపె, మొక్కజొన్న సంకటి న్షిమాను ముద్ద చేసుకుంటూ. కిట్వే పట్నం కుర్రాడు, మాటల పుట్ట.

"ఏమని అడగను?"

"పిచ్చోడా, జెరె అంటే ఎంగోనీ తెగవాళ్ల పేరు కాదూ? ఆవిడ నీకు వదినరా. మేడమ్ మేడమ్ అని వణికావంటే ఈగను తోలినట్టు తోలేస్తుంది. వరస కలిపి ఒక మాట విసురు."

ఎప్పుడో తాతల కాలంలో బెంబాలూ ఎంగోనీలూ బల్లేలతో పొడుచుకున్నారు. ఆ పగ చల్లారి చల్లారి బావమరుదుల సరసంగా మారింది. బెంబా కనిపిస్తే ఎంగోనీ "ఏరా కోతులు తినేవాడా" అంటాడు. ఎంగోనీ కనిపిస్తే బెంబా "ఏరా ఎలకలు తినేవాడా" అంటాడు. చావింట్లో కూడా ఈ వేళాకోళం ఆగదు. ఎవరూ కోపం తెచ్చుకోకూడదు. పైగా వరస కలిపి అడిగినవాణ్ణి కాదనడం మర్యాద కాదు. బ్వెంబ్యా బెంబావాడే కదా, ఆ మాటతో ప్రాణం లేచొచ్చింది.

దారంతా విసరబోయే వాక్యమే వల్లించుకుంటూ వెళ్లాడు. ఆఫీసు గదిలో ఆవిడతో పాటు ఇంకో లెక్చరర్, ఇద్దరమ్మాయిలు ఉన్నారు. ఆగితే ధైర్యం జారిపోతుందని ఒక్క గుక్కలో అనేశాడు.

"వదినా, ఎలకలు పట్టడం కాసేపు ఆపి ఈ మరిది గోడు వినవమ్మా."

ఒకమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నేను ఎంగోనీని కాదు," అంది మిసెస్ జెరె నెమ్మదిగా. "లోజీని. జెరె మా ఆయన పేరు. మాకు వేళాకోళం వరస టోంగాలతో. నీతో కాదు. ఇంతకీ ఎందుకొచ్చావు?"

బ్వెంబ్యా తల దించుకుని తలుపు వైపు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"సరే, వెళ్లు."

గదికొచ్చి విషయం చెబితే మ్వాపె మొహం మాడిపోయింది. "మొగుడి పేరా? మరి తలుపు మీద పుట్టింటి పేరు రాయించుకోవచ్చుగా," అని గొణిగాడు. బ్వెంబ్యా మంచం కింద నుంచి పెట్టె లాగి చొక్కాలు మడవసాగాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎవరో తలుపు దబదబా బాదారు. గుమ్మానికి తల తగిలేంత పొడుగు మనిషి.

"ఈ గదిలో కోతులు తినేవాడెవడు?"

"ఇద్దరం," అన్నాడు మ్వాపె, స్నేహితుడికి అడ్డంగా జరిగి.

"మా ఆవిడను తిట్టినవాడు?"

బ్వెంబ్యా ముందుకొచ్చాడు. "నేనే."

"ఆ తిట్టు నాదిరా. నా గుమ్మంలో వెయ్యాల్సింది తీసుకెళ్లి ఆవిడ గుమ్మంలో పారేశావు. రాత్రి నాకు కూర కూడా సరిగ్గా వడ్డించలేదు తెలుసా? పద, నా సొత్తు నేను తెచ్చుకోవాలి."

జెరె అదే యూనివర్సిటీలో పశువుల శాస్త్రం చెబుతాడు. నడుస్తూ నడుస్తూ పిల్లవాడి చేత సంగతంతా కక్కించాడు.

"జ్వరమొస్తే చెప్పలేదు. తెలియకపోతే అడగలేదు. ఏడాదిగా మూసుకున్న నోరు, తెరిచి తెరిచి మా ఆవిడ మీద తెరిచావా? ఇదిగో చూడు. లోజీల ముందు కొయ్యలా నిలబడకు. మోకాళ్ల మీద కూర్చుని మెల్లగా చేతులు తట్టు. ఆ తర్వాతే మాట."

ల్యాబ్‌లో బ్వెంబ్యా అలాగే చేశాడు. జ్వరం సంగతి, పోయిన ప్రాక్టికల్స్ సంగతి తడబడుతూ చెప్పాడు. మిసెస్ జెరె మొగుడివైపు ఒక చూపు చూసి, మళ్లీ ఇటు తిరిగింది.

"జ్వరమని ఆ వారమే చెబితే ఆ వారమే చేయించేదాన్ని. లే. ఇప్పుడే చెయ్యి. కానీ ఇవాళ పక్కవాడి అంకెలు ఉండవు."

ఆవిడకు అంతా తెలుసన్నమాట.

"నాకు ఆవులు తప్ప ఇదేమీ తెలియదు," అన్నాడు జెరె, మూలనున్న బల్ల మీద చతికిలబడుతూ. "అయినా ఇక్కడే ఉంటాలే."

బ్వెంబ్యా బ్యూరెట్ కొళాయి తిప్పాడు. చుక్కలు పడుతున్నాయి. ఏమీ లేదు, ఏమీ లేదు, ఉన్నట్టుండి ఫ్లాస్కులో ముదురు గులాబి రంగు. ఆపాల్సిన చోటు దాటిపోయింది.

"పారబోసి మళ్లీ."

రెండోసారీ అంతే. ఇంకొక్కసారికి సరిపడా ద్రావణం మిగిలింది. కొళాయి మీద వేలు పెట్టాడు, తిప్పలేకపోయాడు. బ్వెంబ్యా కళ్లు దించుకున్నాడు.

"మేడమ్, ఎక్కడ ఆపాలో నాకు తెలియదు. మొదటినుంచీ తెలియదు."

ఆవిడ లేచి వచ్చింది. ఫ్లాస్కు కింద ఒక తెల్ల కాగితం పరిచింది. "రంగు మెరిసి మాయమవడం చూడు. ఆలస్యంగా మాయమవుతోందంటే దగ్గరికొచ్చావన్నమాట. ఇక ఒక్కో చుక్కే. తిప్పుతూ ఉండు."

ఒక చుక్క. మాయమైంది. ఇంకో చుక్క. తచ్చాడి తచ్చాడి పోయింది. మరొకటి వదిలాడు. లేత గులాబి, ఉందా లేదా అన్నంత లేత. నిలిచింది.

మిసెస్ జెరె వంగి చూసి, అంకె చదివింది. "రేపు రెండో ప్రాక్టికల్. సోమవారం పరీక్షకు రా." తలుపు దాకా వెళ్లి ఆగింది. "ఇంకా ఏమేం తెలియదు?"

"చాలా తెలియవు మేడమ్."

ఆవిడ వెనక్కి వచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది. "మొదటిది అడుగు."