సార్, ఒక్క డౌటు

గోవిందప్పకు కోపం రాదు, విసుగు రాదు, ప్రమోషన్ అయితే ఎప్పటికీ రాదు. డౌటు మాత్రం వస్తుంది. అది కూడా మీటింగు అయిపోయిందనుకుని అందరూ లాప్‌టాపులు మూసి, కుర్చీలు వెనక్కి జరిపి, సగం లేచాక వస్తుంది. ఆయన కుడిచెయ్యి మెల్లగా గాల్లోకి లేస్తుంది. "సార్, ఒక్క డౌటు" అంటాడు. లేచినవాళ్లంతా మళ్లీ కూలబడతారు.

ఆ డౌట్లయినా సవ్యంగా ఉంటాయా అంటే, అదీ లేదు. "సార్, తొందరగా కావాలన్నారు గదా, మామూలు తొందరా, చానా తొందరా?" ఇది ఒక రోజు. "సార్, ఈ బటను నీలంగానే ఏంటికుండాల? పచ్చగా ఉంటే జనం నొక్కరా?" ఇది ఇంకో రోజు. కదిరి దగ్గరి పల్లె నుంచి వచ్చి, హైటెక్ సిటీలో ఏళ్ల తరబడి సాఫ్ట్‌వేర్ రాస్తున్న మనిషి అడగాల్సిన ప్రశ్నలేనా ఇవి? నీలం బటను గురించి మేనేజరు సాయిచంద్ బోర్డు నిండా బొమ్మలు వేసి చెప్పాడు. గోవిందప్ప తల ఊపుతూనే ఉన్నాడు. పక్క సీట్లో షారోన్ పళ్లు నూరుతూనే ఉంది.

షారోన్ పళ్లు నూరడానికి కారణం ఉంది. ఆ కారణానికి ఏడాదిన్నర వయసు, పేరు పింకీ. షారోన్ కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, సాఫ్ట్‌వేర్ టెస్టింగులోకి వచ్చింది. భర్త సైమన్ నర్సు, డ్యూటీ సాయంత్రాలు. పింకీ ఉండేది గోపన్‌పల్లిలో రత్నమాల నడిపే డేకేర్‌లో. అంత చిన్నపిల్లను సాయంత్రం దాకా ఉంచుకునేది ఆ చుట్టుపక్కల ఆవిడ ఒక్కతే. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"ఏందమ్మా షారోన్, రోజూ గిట్ల జేస్తే ఎట్ల? మాకు ఇల్లూ వాకిలి లేదా? ఇంకొక్కసారి నేను తాళమేసినంక వచ్చినవనుకో, ఇగ మర్నాటి నుంచి పిల్లను తీస్కరాకు."

డేకేర్ పోతే ఉద్యోగం పోయినట్టే. అందుకే మధ్యాహ్నం దాటితే షారోన్ గుండె, మంట మీద పెట్టిన బీకరులా, ముందు చిన్న బుడగలతో, తర్వాత పెద్ద బుడగలతో ఉడికేది.

మేనేజరు సాయిచంద్‌కు ఇవేవీ పట్టవు. పొద్దుటి నుంచి ఏం చెయ్యాలో తేల్చడు. ఎదురుగా ఉన్న అద్దాల బిల్డింగు మీద ఎండ ఎర్రబడ్డాక మీటింగు పెడతాడు. "గైస్, మనది టీమ్ కాదు, ఫ్యామిలీ" అని మొదలుపెట్టాడంటే, ఆ రోజు ఎవరో ఒకరు సొంత ఫ్యామిలీ ముఖం చూడరని అర్థం. క్లయింటుతో కాల్‌కు ఒకరు ఆగిపోవాలి. ఆ ఒకరిని ఎంచే పద్ధతి ఆయన సొంతంగా కనిపెట్టుకున్నాడు. మీటింగులో ఎవరు టైము చూస్తే వాళ్లే.

"టైము చూస్తున్నావంటే నీకు పని మీద ఓనర్‌షిప్ లేదన్నమాట. ఈ రోజు కాల్ నువ్వే తీసుకో, అదే వస్తుంది" అనేవాడు.

దాంతో టీమంతా వాచీలు బ్యాగుల్లో దాచుకునేది, ఫోన్లు బోర్లా పెట్టుకునేది. షారోన్ ఎదురు బిల్డింగు మీది ఎండను బట్టి టైము లెక్కకట్టడం నేర్చుకుంది. సాయిచంద్ అదీ కనిపెట్టాడు.

"షారోన్, కిటికీలోంచి ఏం చూస్తున్నావ్?"

"ఏం లేదు సార్, పావురం."

"పావురం టైమెంతయిందని చెప్పింది? సరే, ఈ రోజు కాల్‌కి..."

"సార్, ఒక్క డౌటు" అన్నాడు గోవిందప్ప.

సాయిచంద్‌కు ఇంకో బలహీనత ఉంది. ఎవరైనా ప్రశ్న అడిగితే, బెల్లం కనిపించిన చీమలా బోర్డు దగ్గరకు పోతాడు. "గుడ్ క్వశ్చన్!" అని మార్కరు మూత తీశాడంటే ప్రపంచాన్ని మర్చిపోతాడు. అంతా చెప్పి చేతులు దులుపుకుని, "నీకు ఇంత ఆసక్తి ఉంది కాబట్టి ఈ రోజు కాల్ నువ్వే చూడు గోవిందప్పా" అని ముగిస్తాడు. టీమంతా ముసిముసిగా నవ్వుకునేది. "తన గొయ్యి తనే తవ్వుకుంటాడు, పాపం. పార కూడా ఇంటి నుంచే తెచ్చుకుంటాడు" అనేవాడు కిరణ్ పాల్. నిజాంపేట హాస్టల్లో ఉండే బ్రహ్మచారి అతను.

షారోన్ ఆటోలో కూర్చుని, కాల్ తప్పించినందుకు ప్రభువుకు స్తోత్రం చెప్పుకునేది. అరగంట ఆలస్యం చేసినందుకు గోవిందప్పను తిట్టుకునేది. రెండూ ఒకే ఊపిరిలో.

బోర్డు దగ్గరే పొద్దు పోతోందని విసిగిపోయి సాయిచంద్ ఒకసారి రూలు పెట్టాడు. "ఇకమీద మీటింగులో డౌట్లు లేవు. అన్నీ మెయిల్లోనే."

చెయ్యి లేచింది. "సార్, ఆ రూలు మీద ఒక్క డౌటు."

రూలు ఆ పూటే చచ్చిపోయింది.

ఒక విచిత్రమూ జరిగింది. ఒక సాయంత్రం హెచ్ఆర్ వాళ్లు 'ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా' అని, అందరినీ ఆపి మరీ ఒక క్లాసు పెట్టించారు. చివర్లో క్లాసు చెప్పిన అమ్మాయి, "ఎవరికైనా డౌట్లున్నాయా?" అంది. టీమంతా గోవిందప్ప వైపు భయంగా చూసింది. "ఏం ల్యావు మేడమ్, అంతా అర్థమయింది" అన్నాడాయన. ఒంట్లో బాగాలేదేమోనని టీమ్‌లోని సుష్మ ఆయనకు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

ఆ నెలలోనే ఆఫీసులో ఫ్యామిలీ డే వచ్చింది. బెలూన్లు, సమోసాలు, సాయిచంద్ నవ్వు, అన్నీ ఒక్కరోజు కిరాయికి తెచ్చినట్టున్నాయి. గోవిందప్ప భార్య సుబ్బమ్మ వచ్చింది. పింకీని చంకలో వేసుకుని షారోన్ ఆమె పక్కన కూర్చుంది.

"ఆంటీ, మీరు ఇంట్లో ఎలా భరిస్తున్నారండీ ఆ డౌట్లు?" అంది నవ్వుతూ.

"డౌట్లు ఎవురికి మా?"

"గోవిందప్ప గారికే. రోజూ అడుగుతారుగా."

సుబ్బమ్మ చేతిలోని సమోసా చేతిలోనే ఆగిపోయింది. "మా ఆయప్పా? ఇంట్లో నోరు తెరిచేదే ల్యా! ఈ పొద్దు కూరేంది అని గూడా అడగడు మా. కొత్త ఊరికి పోతే దారి గూడా అడగడు, అట్లే తిరుగుతా ఉంటాడు. ఆయప్పకు డౌటంటనా!" నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "ఇట్ల నవ్వకూడదు, డాక్టరు తిడతాడు. మంగళారం కంటి ఆపరేషన్ ఉండాది. సాయంత్రమే వచ్చి చేరమన్న్యారు. నాకు ఈ ఊర్లో దోవ తెలీదు, ఆయప్ప రావాల. లీవు అడిగితే మీ సారు ఇయ్యలేదంట."

తర్వాత పింకీ బుగ్గ గిల్లి, మామూలుగానే అంది. "మా పిల్లోడు ఇంతప్పుడు ఈయన రోజూ వాడు పండుకున్యాక వస్తాండె. ఆదివారం ఇంట్లో కనపడితే, ఎవురో సుట్టమనుకుని వాడు నా ఎనక దాంకుంటాండె."

షారోన్ నవ్వలేకపోయింది. తను టైము చూస్తూ దొరికిన సాయంత్రాలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. దొరికిన ప్రతిసారీ ఆ కుడిచెయ్యి లేచింది. కిరణ్ పాల్‌కు జ్వరం వచ్చిన రోజు లేచింది. సుష్మ పెళ్లిచూపుల రోజున కూడా లేచింది. ఎవరూ దొరకని రోజుల్లో మాత్రం లేవలేదు. ఎమ్మెస్సీ చదివి, ఇన్ని రీడింగులు కళ్ల ముందుంటే కలిపి ఒక గీత గియ్యలేకపోయానే అనుకుంది.

మంగళవారం వచ్చింది. "గైస్, మనది ఫ్యామిలీ" అన్నాడు సాయిచంద్. మీటింగు సాగుతోంది. ఎదురు బిల్డింగు ఎర్రబడింది. అప్పుడు గోవిందప్ప, ఎన్నడూ లేనిది, గోడ గడియారం వైపు చూశాడు. చూసి, తప్పు చేసినవాడిలా తల దించుకున్నాడు.

"ఓహో! మన డౌట్ల మాస్టారు కూడానా!" అన్నాడు సాయిచంద్. "సరే, ఈ రోజు కాల్..."

ఇప్పుడు చెయ్యి ఎత్తితే కాల్ తన మెడకు చుట్టుకుంటుంది. రత్నమాల తాళం వేసేస్తుంది. షారోన్‌కు ఇదంతా తెలుసు. తెలిసీ, తన చెయ్యి తనకే పరాయిదైనట్టు గాల్లోకి లేవడం చూసింది.

"సార్, ఒక్క డౌటు. ఆ బటను... నీలంగానే ఎందుకుండాలి?"

"గుడ్ క్వశ్చన్!" సాయిచంద్ ముఖం వెలిగిపోయింది. మార్కరు మూత ఊడింది. ఆయన బోర్డు వైపు తిరగగానే షారోన్ గోవిందప్పకు తలుపు చూపించింది. ఆయన కదల్లేదు. 'మరి పాప?' అన్నట్టు చూశాడు. 'మీరు పోండి' అని ఆమె కళ్లెర్రజేసింది. ఆయన క్యారియరు చంకలో పెట్టుకుని, మునివేళ్ల మీద బయటికి నడిచాడు.

"కాబట్టి షారోన్, ఈ రోజు..." అంటూ సాయిచంద్ ఇటు తిరగబోయాడు.

"సార్, మరి ఎరుపైతే?" అంది సుష్మ.

"ఎక్సలెంట్ క్వశ్చన్!" మళ్లీ అటు తిరిగాడు.

కిరణ్ పాల్ షారోన్ బ్యాగు అందించి, వెళ్లమని చేత్తో ఊపాడు.

రత్నమాల తాళంచెవి చేతిలో పట్టుకుని గేటు దగ్గరే ఉంది. పింకీ ఆమె భుజం మీద ఉంది. "బతికిపోయినవ్ పో" అంది రత్నమాల.

తర్వాత జరిగింది మర్నాడు పొద్దున ఆఫీసులో కిరణ్ పాల్ నటించి చూపించాడు. "పసుపు గురించి నేనడిగా. ఆయన చెప్తూనే ఉన్నాడు, వీళ్లంతా ఒక్కొక్కరే జారుకున్నారు. హాస్టల్లో నాకోసం ఎదురుచూసేది నీళ్ల సాంబారే కదా, నేనుండిపోయా. ఆయన తిరిగి చూస్తే గదిలో నేనొక్కణ్ణే, స్క్రీన్ మీద క్లయింటు! 'సార్, మీ అంత బాగా ఎవరు చెప్పగలరు' అన్నా. కాల్ ఆయనే తీసుకున్నాడు. టీమ్‌కు ఇన్నాళ్లకు ఓనర్‌షిప్ వచ్చిందని ఒకటే సంబరం!"

గోవిందప్ప గురువారం వచ్చాడు. సుబ్బమ్మకు కన్ను బాగుందట, కట్టు విప్పగానే "ఏమప్పా, ఇంత నల్లబడినావు" అందట. సీట్లో కూర్చుని కాసేపు అటూ ఇటూ చూసి, షారోన్ వైపు వంగాడు. ఆమెకు తెలిసి మీటింగు బయట ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే.

"మా, ఆ నీలం రంగుకు సారు ఏం చెప్పినాడు?"

"ఏమో గోవిందప్ప గారూ, నేను విననేలేదు. మీరు ముందే అడిగారుగా, అప్పుడేం చెప్పారు?"

గోవిందప్ప చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

"నేనెప్పుడు వింటి మా!"