అత్త కూడా నవ్వింది

మా మేనత్తకు పుట్టుకనుంచీ చూపు లేదు. అయినా చింతపండు గింజ తీయడంలో ఆమెతో పోటీపడి నేను ఏనాడూ గెలవలేదు. భద్రాచలం దారిలో అడవి మొదలయ్యేచోట మా ఊరు. వారం వారం సంతలో ఆమె చింతపండు అమ్ముతుంది. రుచి చూస్తున్నట్టు నటించి ఎవరైనా రెండోసారి చెయ్యిపెడితే, "ఇగ కొను బిడ్డా, కడుపు నిండింది గదా!" అంటుంది. ఆ మాట కోసమే చెయ్యిపెట్టేవాళ్లూ ఉన్నారు.

నాకు మాత్రం మనుషుల మీద అంత దయ లేదు. పెండ్లి పంక్తిలో నా విస్తరి దాటేసి పెరుగు వడ్డించినవాడితో నేను ఇప్పటికీ మాట్లాడను. "పెరుగు కోసం గింత పగనా అల్లుడా!" అని అత్త నవ్వుతుంది.

పోయిన చలికాలం సంతలో ఉల్లిగడ్డలమ్మే ఒకడు, అత్త లేచి నడుస్తుంటే, వెనకాల చెరుకుగడ పట్టుకొని, కళ్లు పైకి తిప్పి, తడుముకుంటూ నడిచాడు. జనం విరగబడి నవ్వారు. ఎవరో తీసిన వీడియో అటూ ఇటూ తిరిగి నా ఫోనుకు వచ్చింది. అందులో ముందు నడుస్తున్న అత్త కూడా నవ్వుతోంది.

అత్తకు వీడియో సంగతి చెప్పి, ఆమెను పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాను. కానిస్టేబుల్ వీడియో చూశాడు.

"ముసలమ్మ గూడ నవ్వుతాంది గద సార్. అవమానమేడుంది? చిన్న కేసు రాసి, వాన్ని పిలిచి నాలుగు తిడ్తం."

వికలాంగులను నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలని చట్టంలో ఉందనీ, ఆ సెక్షన్ రాసేదాకా కుర్చీలోంచి లేవననీ చెప్పాను.

"కూసోండ్రి సార్, కుర్చీకి కిరాయేం లేదు" అన్నాడు.

అప్పుడు అత్త నోరు విప్పింది.

"బిడ్డా, నేనెందుకు నవ్విన్నో గూడ రాస్తవా? అందరు నవ్వుతాన్రు గదా, సంతల ఏదో మంచి ముచ్చట నడుస్తాందనుకున్న. నేనొక్కదాన్నే మూతి ముడుచుకుంటే బాగుండదని నవ్విన."

అతను ఆ మాటలు అట్లాగే రాసుకున్నాడు. లోపలికెళ్లి ఎస్సైతో మాట్లాడి వచ్చి, నేనడిగిన సెక్షన్ కింద కేసు కట్టారని చెప్పాడు.

బస్సు ఎక్కగానే అత్త మొదలుపెట్టింది.

"ఐదేండ్లా? వాని పిల్లలు ఆగమైతరు. నేను చెప్పి కేసు తీపిచ్చేస్త."

"నేనొప్పుకోను."

"నిన్నెవడడిగిండు? ఎక్కిరిచ్చింది నన్ను."

ఇల్లు చేరేదాకా అలిగి కూర్చున్నాను.

ఆ వారంలోనే ఉల్లిగడ్డలవాడు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకొని, ఒక సంచి ఉల్లిగడ్డలతో మా అరుగు మీదికి వచ్చాడు. అత్త నీళ్లిచ్చింది, పిల్లలు ఎట్లున్నారని అడిగింది. ఇక కేసు పోయినట్టేననుకున్నాను.

"తప్పయింది అవ్వా" అన్నాడు వాడు. "సరదాకు చేసిన. నువ్వు గూడ అందరితోని నవ్వితివి గదా!"

ఖాళీ గ్లాసు అందుకోబోయిన అత్త చెయ్యి ఆగిపోయింది.

"ఏమన్నవ్?"

వినపడలేదనుకొని వాడు అదే మాట ఇంకా గట్టిగా అన్నాడు.

"అవ్, నవ్విన. నేను గూడ మీల ఒకదాన్ననుకొని నవ్విన" అంది అత్త. "నీళ్లు తాగినవ్ గదా, పోయి రా. సంచి గూడ తీస్కపో. కేసు ఉంటది. ఎంత శిక్ష వెయ్యాల్నో కోర్టోళ్లు జూస్కుంటరు."

పెద్దమనుషులు ఏదో చెప్పబోయారు. అత్త వినకుండా లోపలికి నడిచింది. నేను సంతోషం పట్టలేక వెనకే వెళ్లాను.

"ఎక్కువ మురవకు" అంది, నా అడుగుల చప్పుడు విని. "వాయిదాకు పోయేనాడు బస్సుల ముందు సీటు పట్టు. ఎనక కూసుంటే నడుం ఇరుగుతది."