అడుగు లేని గిన్నె

పదో తరగతిలో వర్గ సమీకరణం గ్రాఫుకు సగం చుక్కలే పెట్టి గట్టెక్కుదామనుకున్న మహా మేధావిని నేను. మా బట్టల దుకాణంలో గంజి వాసనేసే కొత్త చీర మడిచినప్పుడల్లా ఆ తెలివి గుర్తొస్తుంది.

గిన్నెలాంటి ఆ గీతకు రెండు వైపులూ ఒకటేనని ట్యూషన్ అక్క చెప్పింది. ఇంకేం, కుడివైపు మాత్రమే గీసి, కాగితాన్ని మధ్యలోని నిలువు సున్నా గీత మీద మడిచి, ఎడమవైపూ చుక్కలు పడేలా పిన్నుతో పొడిచాను. విప్పితే గిన్నెకు అడుగే లేదు! మర్నాడే పరీక్ష. గ్రాఫు తప్పితే లెక్కల్లో నేను పాసయ్యేది లేదు.

అది చూసి అక్క పడీపడీ నవ్వింది. "ఓ సేటూ, చీరను చీర నడిమిట్ల మడుస్తవా, బల్ల నడిమిట్ల మడుస్తవా?"

"చీర నడిమిట్లనే అక్కా."

"మరి గీతను గూడ గంతే. అడుగు చుక్క కాడ నిలువుగ మడువు."

ఇంకో కాగితం మీద గీసి అలాగే మడిచాను. నిండు గిన్నె వచ్చింది, మర్నాడు పరీక్షలోనూ.

నా బేరంలో పెట్టకుండా మిగిలినవి మూడు చుక్కలు, పాడైంది ఒక గ్రాఫు కాగితం. పాసైన లాభం మాత్రం మొత్తం అక్క చలవే.