ఈస్టర్ ఆటలో పిల్లమ్మ భయం

గని కూలీల ఇళ్ళ వరస మాది, మా లైన్లో పిల్లమ్మంత పిరికిది ఇంకొకతె లేదు. పక్కింటిదాన్ని కాబట్టి ఈ మాట నేను చెప్పగలను. కుక్కర్ కూస్తే ఉలిక్కిపడుతుంది. మనవరాలు అరుగెక్కితే కింద రెండు చేతులూ చాపి నిలబడుతుంది. మొగుడు శివరాజ్ పొద్దున బెంగళూరు రైలెక్కాడంటే, సాయంత్రం తిరిగొచ్చి స్టేషన్లో దిగేదాకా ఫోను చేతిలోంచి దించదు. "ఏమ్మే, రైలు ఆయప్ప నడుపుతాడా, డ్రైవరు నడుపుతాడా?" అని ఎన్నోసార్లు ఆటపట్టించాను. నవ్వుతుంది గానీ ఫోను మాత్రం దించదు.

ఆమె పుట్టింది సుగటూరులో, పట్టుపురుగులు పెంచే ఇంట్లో. కేజీఎఫ్ బంగారు గనులు ఇంకా నడిచే రోజుల్లో ముత్యాలప్ప కోడలిగా మా లైన్లోకి వచ్చింది. భూమి లోపల ఎక్కడో బండ పగిలితే పైన మా ఇళ్ళల్లో గిన్నెలు గలగలలాడేవి. మాకది మామూలే. కొత్తకోడలికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటిసారి అటక మీది గిన్నెలు కదలగానే బయటికి పరుగెత్తి, వాకిట్లో మురుగునీళ్ళ మోరీలో పడి, ముందుపన్ను విరగ్గొట్టుకుంది. వాళ్ళత్త పైకి లేపి, నోరు కడిగి, ఒక మాట చెప్పింది.

"భయమైతే యాడుండావో ఆడ్నే నిలబడమ్మా. పరిగెత్తినావంటే భయం కంటే ముందు మోరీ వస్తాది."

అత్త పోయింది. గనులు మూతపడ్డాయి. ఆ మాట ఒక్కటి పిల్లమ్మ దగ్గర మిగిలింది. లైన్లో పిల్లలందరికీ అన్నం పెట్టినట్టు అదే పెడుతుంది.

ఇక ఈస్టరుకూ ఈమెకూ సంబంధం ఏమిటంటే, ఎదురింటి జెసింత. వాళ్ళది తమిళ క్రైస్తవుల ఇల్లు. వాళ్ళ పిల్లలూ పిల్లమ్మ కూతురు అర్పితా ఒకే పళ్ళెంలో తిని పెరిగారు. ఒక ఏడు ఈస్టరుకు పిల్లల చేత ఏం చేయిద్దామా అని జెసింత తల పట్టుకుంటే, పిల్లమ్మ పుట్టింటి నుంచి ఒక సంచి నిండా పట్టుగూళ్ళు తెచ్చింది. లోపలి పురుగు రెక్కలొచ్చి చిల్లు పెట్టుకుని బయటికొచ్చేసిన గూళ్ళవి, దారం తీయడానికి పనికిరావు. వాటిని పసుపునీళ్ళలో ముంచి ఆరబెట్టి, మిరియాలతో కళ్ళు, ఎర్ర కాగితంతో ముక్కు అతికిస్తే ఒక్కొక్కటీ బొటనవేలంత కోడిపిల్ల అయింది. అప్పటినుంచి మా లైన్లో ఈస్టరంటే పిల్లమ్మ అరుగే. ఉల్లిపొట్టు వేసి ఉడికించిన ఎర్రగుడ్లు, బీట్‌రూట్ వేసి ఉడికించిన గులాబీ గుడ్లు. పండగకు వారం ముందు పిల్లలు తలా ఒక గుడ్డుపెంకులో మట్టి పోసి రాగులు చల్లుతారు. పండగ నాటికి పెంకు నిండా పచ్చగా మొలకలొస్తాయి. కోడిపిల్లను ఆ పచ్చికలో కూర్చోబెట్టి ఇంటికి తీసుకుపోతారు. హిందువుల పిల్లలు, క్రైస్తవుల పిల్లలు, అందరూ వస్తారు.

పోయినేడు జెసింతకు ఒక ముచ్చట పుట్టింది. ఆమె తమ్ముడి పిల్లలు బెంగళూరులో ఈస్టరుకు గుడ్లు దాచి వెతికే ఆట ఆడతారట, మనమూ ఆడిద్దాం అంది. ఆడించడానికి లైను వెనక మైదానం ఉంది. మైదానం చివర విరిగిన గోడ. గోడకు ఆవల పాత గాలి షాఫ్టు, అంటే గనిలోకి గాలి పోవడానికి ఎప్పుడో తవ్విన బావి. దాని లోతు తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. దానిమీద పాత రైలుపట్టాలు అడ్డంగా వేసి రేకులు కప్పారు. ఏళ్ళు గడిచి రేకుల మీద మన్ను చేరింది, మన్ను మీద గడ్డి మొలిచింది. తెలియనివాళ్ళు చూస్తే అదీ నేలే.

ఆట మాట వినగానే పిల్లమ్మ మొహం పాలిపోయింది. వేసవి సెలవులకు నంగలి నుంచి మనవరాలు, అర్పిత కూతురు నయన వచ్చి ఉంది. ఏడేళ్ళ పిల్ల, ఆ మైదానం తెలియదు.

"మామా, ఈ ఆట వద్దని మీరన్నా చెప్పండి. ఆ గోడ పడిపోయి ఉండాది. పిల్లోళ్ళు ఆపక్కకు పోతే ఎట్ల?" అని మామ దగ్గర మొరపెట్టుకుంది.

ముత్యాలప్పకు ఎనభై దాటాయి. వయసంతా గనిలోనే గడిపిన మనిషి. కట్టె నేలకు కొట్టి నవ్వాడు.

"సుమ్నే ఉండమ్మా, ఊరికే దిగులుపడొద్దు. గని లోపలికి పోయినోడు వచ్చినాడా లేదా అని టైమాఫీసులో ఎట్ల తెలుస్తాండె? బిళ్ళతో. దిగేటప్పుడు బిళ్ళ తీసుకోని పోవాల, వచ్చినాక మళ్ళా కొక్కేనికి తగిలించాల. కొక్కెం మీద బిళ్ళ ఉంటే మనిషి పైన ఉన్నట్లే. మనమూ అట్లే చేస్తాం. ఇంగ నీకేం భయం?"

చెప్పినట్టే చేశాడు. చెక్కకు మేకులు కొట్టాడు. సోడా మూతలు సుత్తితో సాపు చేసి, గోళ్ళరంగుతో ఒక్కో పిల్ల పేరు రాయించాడు. మైదానం మొదట్లో స్టూలు వేసుకుని, చెక్క పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పదవీ విరమణ చేసిన మనిషికి మళ్ళీ ఉద్యోగం వచ్చినంత హోదా. "గోడ దాటినోళ్ళకు గుడ్డు లేదు!" అని అరిచి బిళ్ళలిచ్చాడు. లైన్లో కుర్రాడు శశికుమార్ సౌండు పెట్టె తెచ్చి పాటలు పెట్టాడు. పిల్లమ్మ ముందే పంచిన కోడిపిల్లలు పిల్లల జేబుల్లో ఉన్నాయి. గుడ్లు నేనూ జెసింతా ముందే దాచాము, అన్నీ గోడకు ఈవలే, రాళ్ళ పక్కనా పొదల్లోనూ.

పిల్లలు కేకలు వేస్తూ పరుగెత్తారు. పిల్లమ్మ కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. ఒక్కొక్కరే గుడ్డు దొరికించుకుని వచ్చి బిళ్ళ తగిలిస్తున్నారు. చెక్క నిండుతున్న కొద్దీ ఆమె మొహంలోకి రక్తం వస్తోంది. చివరి మేకు కూడా నిండగానే ముత్యాలప్ప కంచం మీద గరిటెతో కొట్టాడు.

"అందరూ పైకొచ్చినారు!"

పిల్లమ్మ అమ్మయ్య అని అరుగు మీద కూలబడింది. మామ మాట మీద అంత నమ్మకం ఆమెకు.

అందరికీ కేకు ముక్కలు పంచాక రాగిమొలకల పెంకులు ఇవ్వడం మొదలుపెట్టింది. పిల్లలు తమ తమ పెంకులు గుర్తుపట్టి, జేబుల్లోని కోడిపిల్లలను వాటిలో కూర్చోబెట్టుకుని పోతున్నారు. పళ్ళెంలో చివరికి ఒక పెంకు మిగిలింది. దానిమీద పెన్నుతో గీసిన మీసాలున్నాయి, ముత్తాత మీసాలు. నయన గీసింది.

"నయన యాడ?" అంది పిల్లమ్మ.

"ఇంట్లోకి పోయుంటాది" అంది జెసింత.

పిల్లమ్మ ఇంట్లోకి వెళ్ళి చూసింది. నా ఇంట్లోకి, జెసింత ఇంట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆమె పెదవులు తెల్లబడ్డాయి. "లేదు" అంది.

"బిళ్ళ ఉండాది గదమ్మా" అని ముత్యాలప్ప చెక్క ఎత్తి చూపించాడు. నిజమే, నయన పేరున్న బిళ్ళ మేకుకు వేలాడుతోంది. "పైకొచ్చిన మనిషి యాడికి పోతాది? ఎవరింట్లోనో టీవీ చూస్తాంటాది."

శశికుమార్ నవ్వాడు. "పిల్లమ్మత్తకు మళ్ళా మొదలాయె!" అన్నాడు. నాకూ నవ్వొచ్చింది. రోజూ చచ్చేవాడికి ఏడ్చేదెవరు?

ఆమె నవ్వలేదు, ఏడవలేదు. బిళ్ళ వైపు ఒకసారి, చేతిలోని మీసాల పెంకు వైపు ఒకసారి చూసింది. "బిళ్ళ వచ్చింది మామా. బిడ్డ రాలేదు" అంది. పిల్లల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నయన బిళ్ళ తగిలించింది ఎవరు?"

గంగ అనే చిన్నపిల్ల తల దించుకుంది. "నేనే అవ్వా. దాని కోడిపిల్లను గాలి ఎత్తుకోని పోయింది. పట్టుకోని వస్తాను, తాత తిడతాడు, నా బిళ్ళ కూడా నువ్వే తగిలించు అనింది."

"యాడికి పోయింది తల్లీ?"

గంగ చేయెత్తి గోడ వైపు చూపించింది.

ముత్యాలప్ప చేతిలోంచి చెక్క జారి బిళ్ళలన్నీ నేల మీద చిందాయి. పిల్లమ్మ అప్పటికే మైదానంలో సగం దూరం పోయింది. మేమంతా వెనక పరుగెత్తాం. "నయనా! నయనా!" అని ఎవరికి వాళ్ళం అరుస్తున్నాం. సౌండు పెట్టెలో పాట హోరెత్తుతోంది. పిల్లమ్మ గిర్రున వెనక్కి తిరిగింది.

"ఆ పాట ఆపండి! మీరూ నోర్లు మూయండి!"

ఇన్నేళ్ళలో ఆమె గొంతు అంత పైకి లేవడం నేను వినలేదు. శశికుమార్ వెనక్కి పరుగెత్తి పాట ఆపేసి వచ్చాడు. గాలి తప్ప ఏమీ వినపడలేదు. అందరం గోడ దాకా వచ్చి ఆగాం. ఆ బావిలో పడి ఉంటే వినడానికి ఏం మిగులుతుంది అనుకున్నాను. అప్పుడు గోడ ఆవల నుంచి సన్నగా వినపడింది.

"అవ్వా..."

గోడ పగులులోంచి చూశాం. గడ్డి నడిమధ్యలో నయన నిలబడి ఉంది. రెండు చేతులూ గుండెకు అదుముకుని, రాయిలా. పిల్ల పాదాల కింద నేల పళ్ళెంలా కిందికి వంగి ఉంది. రేకు కిర్రుమంటోంది. ఒక అడుగు అవతల రేకు చినిగిన చోట నల్లగా చీకటి కనపడుతోంది.

శశికుమార్ గోడ దూకబోయాడు. పిల్లమ్మ అతని చొక్కా పట్టి లాగింది. "నీ బరువుకు మొత్తం కూలిపోతాది. కదలొద్దు!"

"భయపడొద్దు కన్నా, భయపడొద్దు!" అని జెసింత ఏడుస్తూ అరిచింది. ఆ మాట వినగానే పిల్ల మాకేసి రావడానికి కాలు కదిపింది. రేకు ఇంకొంచెం కుంగింది.

"నయనా!" అంది పిల్లమ్మ. గొంతు వణుకుతోంది, దాచుకోలేదు. "భయంగా ఉండాదా తల్లీ?"

"ఊ..."

"నాకూ ఉండాది. భయపడు, ఏం కాదు. నేను ఏం చెప్పినాను? భయమైతే?"

"యాడుండావో ఆడ్నే నిలబడు" అంది పిల్ల ఏడుపు గొంతుతో.

"అంతే. నిలబడు."

అప్పటికి ముత్యాలప్ప కట్టె ఊనుకుంటూ, ఎగరొప్పుతూ గోడ దగ్గరికి వచ్చాడు. ఆ రేకులు వేసిన రోజు చూసిన మనిషి ఆయనొక్కడే. "పిల్లమ్మా, పట్టాలు ఈ గోడ మూల నుంచి ఆ కానుగచెట్టు పక్కకు పోతాయి. పట్టా మీద రేకు వంగదు. చేత్తో తట్టి చూసుకోని పోమ్మా. బిడ్డ నిలబడింది పట్టాకు ఈపక్కనే."

మా అందరిలోకీ బక్కది పిల్లమ్మే. గోడ దిగి బోర్లా పడుకుంది. అరచేత్తో తట్టుతూ, గట్టిగా తగిలిన చోటే మోచేయి మోపుతూ పాకింది. ఒళ్ళంతా వణుకుతోందని మాకు కనపడుతూనే ఉంది. పళ్ళు టకటక కొట్టుకునే చప్పుడు కూడా వినపడింది. నేను గోడ మీద వాలి ఆమె పాదాలను చూస్తూ, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. జెసింత సిలువ గుర్తు వేసుకుంటూనే ఉంది. నయనకు ఎదురుగా వచ్చేదాకా పట్టా మీదే పోయి పిల్లమ్మ చెయ్యి చాచింది. అందలేదు. నడుము దగ్గర చీర లాగి, కొంగు విసిరింది.

"చేతికి చుట్టుకో. కూర్చో. నిలబడి రావద్దు, కూర్చోనే నా దగ్గరికి జరుగు."

పిల్ల కూర్చుంది. జరిగింది. ఒక చేత్తో కొంగు పట్టుకుంది గానీ రెండో పిడికిలి మాత్రం విప్పలేదు. పిల్లమ్మ ఆ మణికట్టు అందుకుని ఒక్క ఊపున పట్టా మీదికి లాక్కుంది. లాగిన అదురుకు అంతదాకా పిల్ల నిలబడిన రేకు మన్నుతో సహా లోపలికి పోయింది. అది అడుగున పడిన చప్పుడు కోసం మాకు తెలియకుండానే అందరం చెవులు రిక్కించాం. చప్పుడు రాలేదు.

గోడ ఇవతలికి వచ్చాక పిల్లమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని, నేల మీద కూర్చుని అప్పుడు ఏడ్చింది. నయన పిడికిలి విప్పింది. పసుపు కోడిపిల్ల నలిగి ఉంది, ఒక మిరియం కన్ను ఊడిపోయింది.

"కాళ్ళ కింద రేకు చప్పుడు వినబడగానే భయమేసింది అవ్వా. అందుకే నిలబడినాను" అంది.

ముత్యాలప్ప ఇల్లు చేరేదాకా ఒక చెయ్యి మునిమనవరాలి తల మీదే ఉంచి నడిచాడు. మరునాడు ఆ చెక్కను కోళ్ళగూటికి తలుపు చేశాడు. లైన్లో మగవాళ్ళు పదిమందీ పోయి ఆఫీసుల చుట్టూ తిరిగి, బావి మీద సిమెంటు పలక వేయించారు. గోడ మాత్రం మనమే కడదామని చందాలు వేసుకుని కట్టారు.

ఈ ఏడు ఈస్టరు వచ్చింది. గుడ్లు దాచాం. పిల్లలు నేల మీద గీసిన గీత దగ్గర వరసగా నిలబడి ఎగురుతున్నారు. నయన కూడా నంగలి నుంచి వచ్చింది. ముత్యాలప్ప స్టూలు మీద కూర్చున్నాడు, చేతిలో బిళ్ళలు లేవు. ఆట మొదలుపెట్టమని శశికుమార్ తొందర పెడుతున్నాడు. ముసలాయన కోడలి కోసం చుట్టూ చూశాడు. ఆమె కొత్తగోడ పక్కన కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి ఉంది.

"అమ్మా పిల్లమ్మా, భయంగా ఉండాదా?" అని కేకేశాడు.

"ఉండాది మామా."

"అట్లయితే సరే" అని పిల్లల వైపు తిరిగాడు. "ఇంగ పరిగెత్తండి."