తామర పురుగుకూ టిక్కే

గుంటూరులో ఎం.ఏ. చదివేటప్పుడు మాకు అచ్చు సంస్కృతి మీద సెమినార్ ఉండేది. అచ్చైన ప్రతి కాగితాన్నీ ఎలా చదవాలో ప్రొఫెసర్ గారు గంటలకొద్దీ చెప్పేవారు. నేను పాత ప్రెస్సుల్లో అక్షరాలు పేర్చినవాళ్లను వెతికి పట్టుకుని, నెల్లాళ్లు కష్టపడి అసైన్‌మెంటు రాశాను. జిరాక్సు షాపులో బైండింగ్ చేయించి ఇచ్చేశాను.

దిద్దిన కాపీ చేతికొచ్చాక తిరగేశాను. మిరపతోటలో తామర పురుగుకు ఏ మందు కొట్టాలో చెప్పే కరపత్రం మధ్యలో, పదిహేడో పేజీగా ఉంది. షాపువాడు పురుగుమందుల కొట్టుకు వేసిన కాగితం నా పేజీల్లో కలిపేశాడు. దాని మీదా ఎర్ర టిక్కు ఉంది. మార్కులు ఇరవైకి పద్దెనిమిది.

భయపడుతూనే వెళ్లి, "సార్, పదిహేడో పేజీ చూశారా?" అన్నాను.

"ప్రతి అక్షరం చదివానమ్మా. ఆ పాయింటు ఇంకాస్త వివరంగా రాయాల్సింది. అందుకే రెండు మార్కులు తగ్గించాను" అన్నారు గంభీరంగా.

ఇలాంటాయనకా నేను భయపడింది అని సిగ్గేసింది.

మా ఊరు ప్రత్తిపాడు వెళ్లాక, మిరప పండించే మా నాన్న కళ్లజోడు పెట్టుకుని మొదటి పేజీ నుంచి చదువుతూ అక్కడ ఆగారు. "ఎవరమ్మా ఇది రాసింది? ఈ మోతాదు కొడితే తోట మాడిపోద్ది" అన్నారు.

నా అసైన్‌మెంటును నిజంగా దిద్దింది మా నాన్నొక్కరే.